వెనక పేరు లేని బండి

"బయటికి రా."

వ్యాను కింద పడుకుని సైలెన్సరు బిగిస్తున్న ధనుంజయకి ముందు కనిపించినవి రెండు చెప్పులు. పలకల దుమ్ము పట్టి బూడిద రంగుకి తిరిగిన చెప్పులు. అవి ఎవరివో అతనికి తెలుసు. తెలుసు కాబట్టే కదల్లేదు.

"పనిలో ఉన్నా."

"పనిలో ఉన్నోడివి పని చూసుకోవాల. మా నాయన పరువుతో ఏం పని నీకు?"

"ఎవురది?" అన్నాడు, తెలియనట్టు.

"నిన్న ఎవురింటి బండిని యాక్సిడెంటు బండి అన్నావో ఆ ఇంటిదాన్ని."

ధనుంజయ వీపు కింది గోనెసంచితో సహా జారుకుంటూ బయటికొచ్చాడు. మాల్యాద్రి కూతురు గోపిక నిలబడి ఉంది. చున్నీ నడుముకి బిగించింది. ఫోను చేతిలో కర్ర పట్టుకున్నట్టు పట్టుకుంది. ఎండలో నడిచొచ్చిన మొహం ఎర్రగా ఉంది. ఆ ఎరుపు ఎండది కాదని వెంటనే తెలిసిపోయింది.

మార్కాపురంలో తర్లుపాడు రోడ్డు మీద ధనుంజయ షెడ్డుకి బోర్డు లేదు. ఎప్పుడూ అవసరం పడలేదు. తొమ్మిదో తరగతిలో పుస్తకాలు మూసి పాన పట్టుకున్నవాడికి ముప్ఫై ఏళ్లకి మిగిలిన ఆస్తి ఒక్కటే, అతని మాట. ఈ చుట్టుపక్కల సెకండ్ హ్యాండ్ బండి కొనేవాళ్లు కట్నం లేకుండా పెళ్లయినా చేసుకుంటారేమో గానీ ధనుంజయకి చూపించకుండా బండి మాత్రం కొనరు. అతను చుట్టూ ఒకసారి తిరుగుతాడు, రెండు చోట్ల వేలితో తట్టి ఒక్క మాట అంటాడు. అంతే. ధనుంజయ చెప్పినాడంటే చెప్పినాడే.

నిన్న ఆ ఒక్క మాట గోపిక నాయన మీద పడింది.

మాల్యాద్రిది పలకల కార్ఖానా. రాయి బాగా పలికిన రోజుల్లో, నాలుగేళ్ల కింద, బెంగళూరు నుంచి ఒక సెకండ్ హ్యాండ్ స్పోర్ట్స్ కారు తెచ్చాడు. పసుపు రంగు, రెండే తలుపులు, నేలకి జానెడు ఎత్తు. స్పీడు బ్రేకరు కనపడితే మనుషులు దిగి బండిని బతిమాలి దాటించాలి. ఊరు దానికి పసుపు కప్ప అని పేరు పెట్టింది. కార్ఖానా వ్యానుకి ఏ రోగం వచ్చినా ధనుంజయ దగ్గరికే వచ్చేది గానీ, పసుపు కప్ప మాత్రం సర్వీసుకి బెంగళూరే పోయేది. అది ధనుంజయ మనసులో ఎక్కడో ముల్లులా ఉండిపోయింది. ఆ సంగతి అతను ఎవరికీ చెప్పలేదు, తనకి తాను కూడా చెప్పుకోలేదు.

ఇప్పుడు మాల్యాద్రి ఆ బండి అమ్మకానికి పెట్టాడు. గిద్దలూరులో మందుల దుకాణం ఉన్న ఆనంద్ చూడటానికొస్తూ ధనుంజయని వెంటబెట్టుకొచ్చాడు. "దెబ్బ తెలియని బండి. ప్రతిదీ కంపెనీ ఫిట్టింగే," అని మాల్యాద్రి మురిసిపోతూ చెప్పాడు. ధనుంజయ చుట్టూ తిరిగి వెనక ఆగాడు. డిక్కీ మీద మోడల్ పేరు ఉండాల్సిన చోట నున్నగా పసుపు రంగు తప్ప ఏమీ లేదు.

"వెనక గుద్దించుకున్న బండి ఇది," అన్నాడు. "పెయింటు కొట్టేటప్పుడు పేరు పీకినారు. అక్షరాలు మళ్లీ దొరక్క వదిలేసినారు."

ఆనంద్ టీ కూడా తాగకుండా వెళ్లిపోయాడు. ఈ ఊళ్లో మంచిమాట నడిచి వస్తుంది, చెడ్డమాట బస్సెక్కి వస్తుంది. సాయంత్రానికి బస్టాండు టీ కొట్టు దగ్గర మాట తేలింది, మాల్యాద్రి యాక్సిడెంటు బండి అంటగట్టబోయినాడంట అని.

"చూసినంతనే ఎట్ల చెప్పినావు?" అంది గోపిక.

"మన పక్క వెనక పేరు లేని బండంటే వెనక దెబ్బ తిన్న బండే. పద్నాలుగేళ్లుగా చూస్తాన్నా."

"పేరు లేకపోతే దెబ్బ తగిలినట్టేనా?"

"ఇంకేంది? ఆ ఆటో చూడు. పిల్లల పేర్లు, దేవుడి పేరు, చోటు మిగిలితే బావమరిది పేరు. ఈ ఆటో చూడు. ప్రార్థన చేసిన పాస్టరు పేరు బంపరు మీద గూడ రాయించినాడు. పేరు ఉంటే ఇంకో పేరు రాయించుకునే ఊరిది. కొత్త బండి కొన్నోడెవుడన్నా ఉన్న పేరు పీకిచ్చుకుంటాడా?"

గోపిక గొంతు ఇంకొంచెం పెరిగింది.

"కంపెనీలో ఏ బండికి ఏమేం బిగించి పంపినారో చిట్టా ఉంటది. అది తీస్తా. దాంట్లో నీ మాట తప్పని తేలితే?"

"తేలదు."

"తేలితే ఏ టీ కొట్టు దగ్గర మా నాయన తల దించుకున్నాడో అక్కడ నిలబడి, అదే నోటితో తప్పయిందని చెప్పాల. గిద్దలూరు పోయి ఆనంద్‌కి గూడ చెప్పాల."

"తేలకపోతే మీ నాయన చెప్తాడా, అదే కొట్టు దగ్గర?"

"చెప్తాడు."

"చెప్పిచ్చు మరి. రేపు మధ్యాహ్నం వస్తా."

ఆమె వెనక్కి తిరిగి వెళ్లిపోయింది. దుమ్ము లేపుకుంటూ పోతున్న ఆ చెప్పుల వంక చూస్తుంటే ధనుంజయకి ఇంకో సంగతి గుర్తొచ్చి కోపం రెండింతలైంది. ఇంత సేపు తిట్టింది గదా, ఒక్కసారైనా ఫలానా అని పిలిచిందా. ఎప్పుడు పిలిచింది గనక. మాల్యాద్రి అతన్ని అల్లుడా అంటాడు, ఆయన భార్య సుబ్బులమ్మ అల్లుడా అంటుంది. ఈ పక్కల ఎవరిని ఎవరైనా ఏదో ఒక వరస పెట్టి పిలుస్తారు, అందులో విశేషం లేదు. గోపిక మాత్రం నాలుగేళ్లుగా "ఇదిగో", "ఏంది" తప్ప ఏ పిలుపూ పిలవలేదు. మసి చేతులవాడికి ఒక పిలుపు కూడా దండగ అనుకుంది కాబోలు. అట్లనే అనుకున్నాడు అతను, నాలుగేళ్లుగా.

* * *

మర్నాడు మధ్యాహ్నం కార్ఖానా రేకుల కింద పట్టా లాగేసరికి పసుపు కప్ప ఒంటి నిండా పలకల పొడితో బూడిద కప్పలా ఉంది.

"ముందు మూత ఎత్తు," అన్నాడు ధనుంజయ. "దాని లోపల స్టిక్కరు ఉంటది. కంపెనీ ఏమేం ఆప్షన్లు వేసిందో మూడేసి అక్షరాల కోడ్లు ఉంటాయి."

మూత ఎత్తారు. స్టిక్కరు ఉంది. దాని మీద అడ్డంగా మూడు పసుపు పట్టీలు, మధ్యలో రూపాయి బిళ్లంత కుంకుమ బొట్టు. నూనెతో కలిపిన పసుపు నాలుగేళ్ల ఎండకి పెంకు కట్టి, సగం కోడ్లు దాని కింద సమాధి అయిపోయాయి.

ధనుంజయ నవ్వు ఆపుకోలేకపోయాడు. "ఇదేంది?"

"అమ్మ. బండి వచ్చినరోజు పూజ."

"పూజ ఇంజనుకి చేయాల. కాగితానికి గాదు."

"ఆమెకి ఇంజనేదో ఏం తెలుసు? తెల్లగా కనపడింది, బొట్టు పెట్టింది. నవ్వింది చాల్లే, తడిగుడ్డ తీసుకో."

"తుడిస్తే పసుపుతో పాటు అక్షరం గూడ వస్తది. అవతలికి జరుగు."

అతను చొక్కా జేబులోంచి పెన్సిలు తీశాడు. ఛాసిస్ మీద నంబరు చెక్కిన చోట తెల్ల కాగితం పరిచి, పెన్సిలు పక్కవాటుగా పట్టి మెల్లగా రుద్దాడు. బండిని కొన్నవాళ్ల పేరుకి మార్చడానికి ఆర్టీవో ఆఫీసులో అడిగే పెన్సిల్ ప్రింటు అతనికి రోజూ పనే. నల్లటి రుద్దుడు మధ్యలోంచి తెల్లగా అక్షరాలు, అంకెలు ఒక్కొక్కటే లేచొచ్చాయి. గోపిక ఊపిరి బిగబట్టి చూసింది. అతను చూస్తున్నాడని తెలిసి వెంటనే మొహం గంటు పెట్టుకుంది.

ఫోనులో సైటు తెరిచి నంబరు కొట్టింది. ఈ నంబరు చెల్లదు అని వచ్చింది. మళ్లీ కొట్టింది. చెల్లదు. మూడోసారి ఫోనుని తిట్టింది.

"ఏం కొట్టినావు? చదువు."

"ఉన్నదే కొట్టినా. ఎనిమిది, జీ, ఓ, నాలుగు, ఓ..."

"ఓ నా? ఛాసిస్ నంబర్లో ఓ అనే అక్షరం ఉండదు. ఐ ఉండదు, క్యూ ఉండదు. అంకెలతో కలిసిపోతాయని పెట్టరు. అవన్నీ సున్నాలు."

"ఎవురు చెప్పినారు?"

"తొమ్మిది తప్పినోడు."

సున్నాలు పెట్టి కొట్టింది. చిట్టా చక్కగా తెరుచుకుంది. విదేశాలకి పలకలు ఎగుమతి చేసే పార్టీలతో రోజూ ఇంగ్లీషులో పోట్లాడే గోపిక ఆ క్షణంలో అతని వంక చూడలేదు.

మూల విరిగిన పలక ఒకటి తీసుకుని నడిమికి గీత గీసింది. ఒక పక్క 'కంపెనీది', ఇంకో పక్క 'బయటది' అని రాసింది. కోడ్లు చదివి తెలుగులో చెప్పడం ఆమె వంతు, బండిలో వెతికి చూపించడం అతని వంతు.

"సీట్లు తోలువి."

"ఉన్నాయి. కంపెనీవే."

"సీటు వేడెక్కే ఏర్పాటు."

"ఏంది?"

"చలికాలం కూర్చుంటే కింద వెచ్చగా ఉండనీకి. అట్లనే రాసినారు."

"మార్కాపురంలోనా?"

"మార్కాపురానికి వస్తదని వాళ్లకేం తెలుసు?"

నిజంగానే గేరు పక్కన చిన్న స్విచ్చు ఉంది, దాని మీద సీటు బొమ్మ, మూడు ఆవిరి గీతలు. ఇద్దరికీ ఒకేసారి నవ్వొచ్చింది. ఇద్దరూ మింగేశారు. ఆమె కంపెనీది పక్కన రాసింది.

"చక్రాలు పద్దెనిమిది అంగుళాలు."

ధనుంజయ టైరు మీద రాసింది చదివాడు. "ఇవి ఇరవై."

బలపం ఆగింది.

"స్పీకర్లు?" అన్నాడు.

"మామూలువి. ఆరు."

"లోపల పది ఉన్నాయి. డిక్కీ అడుగున డబ్బా ఒకటి, పెళ్లి బ్యాండంత. రాయి, రాయి. బయటది."

"రాస్తాన్నా గదా."

"ప్రతిదీ కంపెనీ ఫిట్టింగే అన్నాడు మీ నాయన."

"నాయనకి అమ్మినోడు అట్లనే చెప్పినాడు."

"అమ్మినోడు చెప్తే సత్యం. నేను చెప్తే పరువు తీసినట్టు."

చిట్టాలో చిట్టచివరి కోడు దగ్గర గోపిక వేలు ఆగిపోయింది. పెదాలు కదుపుతూ మూడుసార్లు చదువుకుంది. తర్వాత ఫోను అతని మొహం ముందు పెట్టింది.

"చదువు."

"నువ్వే చదువు."

"మోడల్ డెసిగ్నేషన్ డిలీట్. వెనక పేరు వద్దని మొదట కొన్నోడు ముందే రాసిచ్చినాడు. కంపెనీలోనే పేరు పెట్టకుండా పంపినారు. పేరు లేకపోవడమే ఒక ఆప్షను. విన్నావా?"

ధనుంజయ చెవుల్లో ఏదో గీరినట్టయింది. "నెట్లో ఎవుడన్నా ఏదన్నా రాస్తాడు."

"చక్రాలు తప్పని నెట్టు చెప్తే నిజం. నీ మాట తప్పని చెప్తే అబద్ధమా?"

"పేరు వద్దనుకునే ఎర్రోడు ఉండడు. ఎక్కడా ఉండడు."

గోపిక పలక కింద పెట్టింది. గొంతు పెరగలేదు, తగ్గింది. అది ఇంకా భయంగా ఉంది.

"రెండేళ్ల కింద పుల్లలచెరువు పక్క నీకు సంబంధం కుదిరింది. తాంబూలాలు అయినాయి. ఆ పిల్లోడికి ఫిట్స్ వస్తాయని ఎవుడో ఒక మాట అన్నాడు. మే నెల ఎండకి షెడ్డులో ఒకరోజు కళ్లు తిరిగి పడినావు, అంతే. ఆ అన్నోడు నిన్ను డాక్టరుకి చూపిచ్చినాడా? ఒక పూట నీతో కూర్చున్నాడా? దూరం నుంచి చూసినాడు, అన్నాడు, పోయినాడు. వాళ్లు తాంబూలం వెనక్కి పంపినారు. అప్పటినుంచి ఊరి మీదంతా కోపంగా తిరుగుతాన్నావు గదా. మరి మా నాయనకి నువ్వు చేసిందేంది?"

ధనుంజయ చేతిలో పెన్సిలు రెండు ముక్కలైంది. ఆ ముక్కలు జేబులో వేసుకుని ఎండలోకి నడిచి వెళ్లిపోయాడు.

* * *

రెండు రోజులు అతని షెడ్డులో బోల్టులు తెగాయి. బిగించాల్సిన దానికన్నా ఎక్కువ బిగిస్తే తెగవా మరి. వచ్చినవాళ్లు బండి పెట్టి దూరంగా నిలబడ్డారు. అతనికి గోపిక మీద కోపం. ఫిట్స్ అన్న ఆ పేరు తెలియనివాడి మీద కోపం. పేరు వద్దనుకున్న ఆ మొదటి యజమాని మీద కోపం. వీటన్నిటి అడుగున ఇంకో కోపం ఉంది. అది ఎవరి మీదో అతనికి తెలుసు. ఆ రోజు ఆనంద్ ముందు అతను డిక్కీ తెరవలేదు. బయటినుంచి చూశాడు, అన్నాడు. ఇన్నాళ్లు తన చేతికివ్వని బండి మీద చెడ్డమాట అనడానికి నోరు అంత తొందరగా ఎందుకు లేచిందో తలుచుకుంటే అన్నం దిగలేదు.

మూడో రోజు పొద్దున్నే పాన్ల సంచి తీసుకుని కార్ఖానాకి వెళ్లాడు. సుబ్బులమ్మ వాకిలి ఊడుస్తోంది.

"గోపిక ఇంకా లేవలేదు, అబ్బాయా," అంది. అల్లుడా అనలేదు.

"గోపికతో పని లేదత్తా. బండితో పని."

డిక్కీ తెరిచాడు. లోపలి గుడ్డ విప్పాడు. పెద్ద డబ్బా తీసి పక్కన పెట్టాడు. టార్చి పెట్టి మూల మూల చూశాడు. డిక్కీ మూతని పట్టుకున్న నాలుగు బోల్టుల దగ్గర చాలాసేపు ఆగాడు. తర్వాత అక్కడే ఒక పలకల దొంతి మీద కూలబడ్డాడు.

"ఏం దొంగతనం ఇది?"

నోట్లో బ్రష్షుతో గోపిక.

"బోల్టుల మీద పాన పడలే," అన్నాడు, ఆమె వంక చూడకుండా.

"అంటే?"

"దెబ్బ తిన్న డిక్కీ అయితే మూత విప్పకుండా సరిచేయలేరు. ఈ బోల్టు ఒక్కసారి విప్పితే అంచు మీద పెయింటు చిట్లుతది. ఎంత పనోడైనా దాన్ని దాయలేడు. ఇది ఎవురూ తాకలే. లోపల అతుకులు గూడ కంపెనీవే."

"అంటే ఏంది? నీ నోటితో చెప్పు."

"టీ కొట్టు దగ్గర చెప్తా. రెండుసార్లు చెప్పే ఓపిక లేదు."

* * *

పొద్దున ఎనిమిదింటికి బస్టాండు టీ కొట్టు దగ్గర ఊరు సగం ఉంటుంది. మాల్యాద్రి చివరి బెంచీ మీద అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు. ఐదు రోజులుగా ఆయన కూర్చుంటున్న తీరు అదే.

"మామా," అన్నాడు ధనుంజయ.

"ఏంది మెకానిక్కు?" అన్నాడాయన, తిరక్కుండా.

ఆ మాట ధనుంజయకి గుచ్చుకుంది. అయినా గొంతు తగ్గించలేదు. "మీ బండి వెనక దెబ్బ తిన్నదన్నా. తినలే. పేరు కంపెనీలోనే పెట్టలే. డిక్కీ తెరిచి చూడకుండా అన్నా. తప్పు నాది."

ఆటో కాటమరాజు ఒక గుక్క తాగి, "అంటే ఈసారి నీ మాటకి యాక్సిడెంటు అయిందన్నమాట," అన్నాడు. నాలుగు బెంచీలు నవ్వాయి.

"అయింది," అన్నాడు ధనుంజయ. పళ్లు బిగించి అన్నాడు గానీ అన్నాడు.

మాల్యాద్రి మెల్లగా ఇటు తిరిగాడు. ఆయన మొహంలో వెలుగు రాబోతుండగా పక్కనుంచి గోపిక అందుకుంది.

"నాయనా, చక్రాలు కంపెనీవి గావు. స్పీకర్లు గూడ. బెంగళూరోడు నీకు అబద్ధం చెప్పినాడు."

"ఆ మాట ఇంట్లో చెప్పొచ్చు గదమ్మా."

"ఇతను గూడ తన తప్పు ఇంట్లో చెప్పలే గదా."

మాల్యాద్రి కూతురి వంక చూశాడు, మెకానిక్కు వంక చూశాడు. టీ గ్లాసు బెంచీ మీద పెట్టాడు. "పదండి గిద్దలూరు. ఆనంద్‌కి గూడ ఇద్దరి తప్పులూ ఒకేసారి చెప్దాం."

పసుపు కప్పలో వెనక సీటు ఉంది గానీ అది మనుషుల కోసం పెట్టింది కాదు. పొడుగు మనిషి ధనుంజయని అక్కడ మడవలేరు. గోపిక నడపాలి. చివరికి సన్నగా ఉన్న మాల్యాద్రే వెనక దూరాడు, మోకాళ్లు గడ్డానికి ఆనించుకుని.

ఆనంద్ పలక మీద రెండు పక్కలూ చదివాడు. సీటు వేడెక్కే ఏర్పాటు దగ్గర దుకాణం దద్దరిల్లేట్టు నవ్వాడు. డిక్కీ బోల్టులు ధనుంజయ చూపిస్తే వంగి చూశాడు. "ఏది ఉందో ఏది లేదో ఇంత విప్పి చెప్పినోళ్లని ఇంతవరకు చూడలే," అన్నాడు. "తీసుకుంటా. రేపు అమావాస్య. ఎల్లుండి తెచ్చియ్యండి."

* * *

తిరుగుదారిలో కంభం దాటాక వాన పట్టుకుంది. వైపర్లు అద్దాన్ని గీరుతూ అటూ ఇటూ పోతున్నాయి. వెనక మాల్యాద్రి మొహం మీద తుండు కప్పుకుని గురక తీస్తున్నాడు.

"స్పీడు తగ్గించు," అన్నాడు ధనుంజయ.

"నడిపేది నేను."

అతను తలుపు పిడి గట్టిగా పట్టుకున్నాడు.

"ఒకటి అడుగుతా. కోపం తెచ్చుకోవద్దు."

"కోపం తెచ్చుకునేది ఎవురు?"

"నాది స్టాండర్డు ఫిట్టింగు. తెచ్చుకునే పన్లేదు."

ఆమె నవ్వింది. ఈసారి మింగలేదు. "అడుగు."

"నాలుగేళ్లుగా మీ వ్యాను చూస్తాన్నా. నీ నోటినుంచి ఒక వరస గానీ, నా పేరు గానీ రాలే. మసి చేతులోడు గదా, పిలుపెందుకు అనుకున్నావు. మీ నాయన గూడ ఇప్పుడు మెకానిక్కు అంటాన్నాడు. ఆయనకి నేను చేసింది ఉంది. నీకేం చేసినా?"

గోపిక బండిని రోడ్డు పక్కకి లాగి ఆపింది. "అదీ చూసినంతనే చెప్పేసినావా?"

"నాలుగేళ్లు చూసినా."

"బయటినుంచి చూసినావు. తెరిచి చూసినావా?"

"సరే, నాదే తప్పు. పొద్దున్నుంచీ అదే పని గదా. బస్సులో పోతా." తలుపు తీసి వానలోకి దిగేశాడు. పది అడుగులు నడిచాడు. ఆ రోడ్డు మీద బస్సూ లేదు, చెట్టూ లేదు.

పసుపు కప్ప మెల్లగా పక్కకొచ్చింది. అద్దం సగం దిగింది.

"నిన్ను అన్నా అని పిలవమంటావా?" అంది గోపిక, వాన మీదుగా అరుస్తూ.

"వద్దు." ఆ మాట అతనికన్నా ముందు వచ్చేసింది.

"మా నాయన అల్లుడా అనేవాణ్ణి నేను అన్నా అనకూడదు. బావా అంటే ఊరు ఊరుకోదు, నా మొహమూ ఊరుకోదు. అందుకే ఏదీ పెట్టలే. పేరు లేనిది దెబ్బ తగిలి గాదు, చులకనై గాదు. కావాలనే పెట్టలే, మొదటినుంచీ. ఇప్పుడర్థమైందా, లేకపోతే దీనికి గూడ చిట్టా తీయాల్నా?"

ధనుంజయ వానలో అట్లనే నిలబడిపోయాడు. నీళ్లు ముక్కు చివర నుంచి కారుతున్నాయి.

"మరి పుల్లలచెరువు సంబంధం అప్పుడు గూడ చెప్పలే."

"చెప్పేలోపే తప్పిపోయింది గదా. ఫిట్స్ అన్నోడెవుడో తెలిస్తే వాడికి కొబ్బరికాయ కొట్టేదాన్ని. ఎక్కు ముందు, సీటు తడిసినా పర్లేదు."

ఎక్కాడు. తలుపు మూశాడు. చేతుల వంక చూసుకున్నాడు. ఎంత కడిగినా గోళ్ల చివర పోని నలుపు.

"మీ నాయనతో మాట్లాడతా," అన్నాడు. గొంతు ఇంకా కోపంగానే ఉంది, అతనికి వేరే గొంతు లేదు. "తొమ్మిది తప్పినా. షెడ్డుకి బోర్డు లేదు. ఒకసారి తాంబూలాలు వెనక్కొచ్చినాయి. ఏదీ దాచను. అంతా పలక మీద రాసిస్తా."

"కోపం ఏ పక్క రాయాల?"

అతను నోరు తెరిచేలోగా వెనక గురక ఆగింది. ఎప్పుడు ఆగిందో, అసలు అది గురకేనో, ఇద్దరికీ అప్పుడు అనుమానం వచ్చింది.

"అల్లుడా," అంది తుండు కింది గొంతు.

ఐదు రోజుల తర్వాత ఆ మాట. ధనుంజయ వీపు నిటారైంది. "మామా."

"ఆ గీరతాన్న వైపర్లు కంపెనీవా, బయటివా?"

"కంపెనీవే మామా. రబ్బరు అరిగింది."

"ఎల్లుండి లోగా మార్చు. ఇచ్చే వస్తువు నికరంగా ఇయ్యాల." తుండు కొంచెం కదిలింది. "నువ్వు పోనియ్యమ్మా, మోకాళ్లు పట్టేసినాయి. మిగతా మాట మీ అమ్మ ముందర."

గోపిక గేరు వేసింది. మొహం రోడ్డు మీదే ఉంది. చెవులు మాత్రం కుంకుమ రంగుకి తిరిగాయి. తడిసిన ధనుంజయ పళ్లు టకటకమంటుంటే ఆమె ఎడమ చెయ్యి గేరు పక్కకి జారి, నాలుగేళ్లలో ఎవరూ ముట్టుకోని ఆ చిన్న స్విచ్చు నొక్కింది.

"వెచ్చగా ఉందా, బావా?" అంది, వైపరు చప్పుడులో కలిసిపోయేట్టు.

"నాకు వినపడింది," అన్నాడు వెనకనుంచి మాల్యాద్రి.